ఆయన మాటను ఏ అక్షరాల్లో రాయాలి?

ఈ నెల మా శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో నాలుగు, ఒకరికొకరు పరిచయం లేనివారు రాసినవే అయినా, ఒకే సంగతి అడుగుతున్నాయి: ఇంటి పెద్ద కన్నుమూసిన తరువాత ఆయన జీవితాన్ని కాగితం మీద ఎలా నిలుపుకోవాలి? నాలుగూ ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు ఇళ్ల నుంచే వచ్చాయి కనుక మిగిలిన ప్రశ్నలను వచ్చే నెలకు వాయిదా వేసి వీటికే జవాబులు రాస్తున్నాను. పేర్లు వేయవద్దని అందరూ కోరారు, వేయలేదు.

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి ఒక గృహిణి):

సంపాదకులకు నమస్కారాలు. మావారు నౌపడా–గుణుపురం చిన్న రైలు మార్గంలో గార్డుగా పనిచేసి 2004 జూన్ నెలాఖరున రిటైరయ్యారు. కిందటి మాఘమాసంలో కాలం చేశారు. సంవత్సరికం నాటికి ఆయన గురించి నలభై పేజీల పుస్తకం వేయించి బంధువులకు పంచాలని పిల్లలు అనుకున్నారు. అనుకున్న నాటి నుంచి ఇంట్లో తగవే.

అబ్బాయి ఇక్కడే ఒడియాలో చదువుకుని భువనేశ్వర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాడు ఒడియాలో రాయడం మొదలుపెట్టి రెండు పేజీలు పూర్తి చేశాడు, వాటి తెలుగు అర్థం దీనితో పంపుతున్నాను. అమ్మాయిని శ్రీకాకుళం ఇచ్చాం. నాన్నగారు ఇంట్లో ఒక్కరోజు కూడా ఒడియా మాట్లాడలేదనీ, ఆయన పుస్తకం తెలుగులో లేకపోతే తనకు ఆ పుస్తకమే అక్కర్లేదనీ దాని పట్టు. మనుమలు నలుగురిలో ముగ్గురికి తెలుగు మాట్లాడడం వచ్చు గాని చదవడం రాదు. వాళ్లు ఆయనను ఒడియా పద్ధతిలో ‘జేజే’ అని పిలిచేవారు. మా ఆడపడుచు మొదటిసారి విని, ‘బతికుండగానే మా అన్నయ్యను దేవుణ్ణి చేసేశారా’ అని నవ్వింది.

రెండో సంగతి పుట్టినరోజు. మా అత్తగారు ఆయన చిత్రభాను సంవత్సరం కార్తీకంలో పుట్టారని చెప్పేవారు. సర్వీసు రిజిస్టరులో 1944 జూలై 1 అని ఉంది. ఏది వేయాలి?

మూడోది రాయడానికి చెయ్యి రావడం లేదు. పెరటి గోడ విషయంలో మాట పట్టింపు వచ్చి ఆయన మా మరిదితో పదకొండేళ్లు మాట్లాడలేదు. 2018లో తిత్లీ తుఫానుకు మరిదిగారి రేకులు ఎగిరిపోయినప్పుడు మా అబ్బాయి చేత టార్పాలిన్ పంపించారు గాని తాను గోడ దాటి వెళ్లలేదు. మరుసటి ఏడు మరిదిగారి కూతురి పెళ్లిలో, పంక్తిలో ఎదురుపడి, ‘భోజనం అయిందా’ అన్నారు. అప్పటి నుంచి మాటలు కలిశాయి. ఇదంతా పుస్తకంలో ఉండకూడదని అబ్బాయి అంటున్నాడు. మీరేమంటారు?

ఆఖరున, అవసరం లేకపోయినా, ఒక మాట. రిటైరైన తరువాత రోజూ దీపాలు పెట్టే వేళకు ఆయన ఇంట్లో అందరి కళ్లజోళ్లూ పోగుచేసి, పాత పంచె ముక్కతో తుడిచి, ఎవరివి వారికి తిరిగి ఇచ్చేవారు. ఇప్పుడు నా కళ్లజోడు నేనే తుడుచుకుంటున్నాను.

జవాబు:

అమ్మా, మీరు అవసరం లేదనుకుని ఆఖరున రాసిన ఆ మాటతోనే నా జవాబు మొదలుపెడుతున్నాను. మీ అబ్బాయి రాసిన రెండు పేజీలలో నాన్నగారు ‘నిగర్వి, నిరాడంబరుడు, పరోపకారి, కర్తవ్యపరాయణుడు’ అని ఉంది. అబద్ధమని నేను అనను. అయితే ఈ నాలుగు మాటలూ మన జిల్లాల్లో పన్నెండో రోజున పంచే ప్రతి సంస్మరణ పత్రిక మీదా ఉంటాయి, పేరు మారిస్తే ఏ ఇంటికైనా సరిపోతాయి. పాత పంచె ముక్కతో కళ్లజోళ్లు తుడవడం మాత్రం మీ ఇంటి పెద్దాయనకే చెల్లుతుంది. డ్యూటీలో ఉన్నన్నాళ్లూ ఎరుపు, ఆకుపచ్చ అద్దాలున్న చేతిలాంతరును మసి లేకుండా తుడుచుకున్న మనిషికి, లాంతరు చేతిలోంచి పోయాక ఆ చేతులు ఏం చేశాయో ఆ ఒక్క వాక్యంలో ఉంది. పుస్తకంలో మొదటి పేజీ అదే కావాలని నా సలహా. గుణాల పేర్లు అన్నీ కొట్టేసి, ఒక్కొక్క దాని బదులు ఆయన చేసిన ఒక పనిని రాయమని అబ్బాయికి చెప్పండి. పరోపకారి అన్న మాట తీసేస్తే ఎవరికి, ఎప్పుడు, ఏమి చేశారో రాయవలసి వస్తుంది. గుర్తు రాకపోతే ఆ మాట పోయినా నష్టం లేదు.

ఇంత గట్టిగా చెప్పడానికి నా కారణం నాకుంది. మా తాతగారి గురించి మా ఇంట్లో మిగిలింది ఒక్క సంస్మరణ పత్రిక. అందులో పదహారు విశేషణాలున్నాయి. ఆయన కాఫీ తాగేవారో టీ తాగేవారో నాకు ఈనాటికీ తెలియదు.

ఇక భాష. మీ పిల్లలిద్దరిలో ఎవరూ పొరపాటు పడలేదు. అబ్బాయి తన పిల్లలు చదవాలని చూస్తున్నాడు, అమ్మాయి నాన్న గొంతు పోకూడదని చూస్తోంది. ఈ రెండూ ఒకే పుస్తకంలో ఇమిడే దారి ఉంది. కథనం ఎవరు రాస్తే వారి భాషలోనే ఉండనివ్వండి: అబ్బాయి జ్ఞాపకాలు ఒడియాలో, మీవీ అమ్మాయివీ తెలుగులో. ఆయన నోటి నుంచి వచ్చిన మాటలను మాత్రం ఎవరి భాగంలో వచ్చినా ఒడియాలోకి మార్చవద్దు. ‘భోజనం అయిందా’ అన్న రెండు మాటలకు ఒడియాలో సమానార్థకం దొరుకుతుంది, కాని పదకొండేళ్ల తరువాత ఆయన తమ్ముడితో అన్నది ఆ సమానార్థకం కాదు. ఆ మాటలను తెలుగు అక్షరాలలో వేసి, వాటి కిందనే ఒడియా అక్షరాలలో మళ్లీ వేయించండి. మీ మనుమలకు తెలుగు వినడం, పలకడం వచ్చునని మీరే రాశారు. రానిది లిపి ఒక్కటే. తమకు తెలిసిన అక్షరాలలో చూస్తే తెలిసిన మాట ఇట్టే పట్టుకుంటారు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన ఉపాయం కాదు. మీ ఊళ్లోనే, రాజావారి హైస్కూలులో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు, లిపి లేని సవర భాషను సవరల నోటనే విని నేర్చుకుని, ఆ పిల్లల కోసం తెలుగు అక్షరాలలో సవర వాచకాలు రాశారు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన వాదం, ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకోవడం అందరికీ తెలుసు. మాట ముందు, అక్షరం తరువాత అన్న ఆ వాదానికి పునాది సవర గూడేలలో పడిందని నేను అనుకుంటాను. ఆనాడు సవర మాటకు తెలుగు అక్షరం సాయం వచ్చినట్టే, ఈనాడు మీ ఇంటి తెలుగు మాటకు ఒడియా అక్షరం సాయం వస్తుంది. అమ్మాయికి ఇది చిన్నతనంగా తోస్తే ఈ సంగతి చెప్పి చూడండి.

అయితే ఒక చిక్కు ఉంది, ప్రెస్సుకు ఇచ్చే ముందే చూసుకోవాలి. ఒడియా లిపిలో ఎ–ఏలకు ఒకే అక్షరం, ఒ–ఓలకు ఒకే అక్షరం. మెడ అన్నా మేడ అన్నా అక్కడ ఒకేలా ఉంటుంది. ‘మేడ మీద పడుకుంటాను’ అని తాతగారు అంటే, మనుమడు మెడ మీద అని చదివి రోజంతా నవ్వగలడు. దీర్ఘం ఉన్నచోట అక్షరం మీద చిన్న గీత పెట్టించి, ఆ గీత ఎందుకో మొదటి పేజీలో ఒక వాక్యంలో చెప్పండి. ఇంకొకటి: ఒడియాలో అకారాన్ని కొంచెం ఒకారంలా పలుకుతారు కనుక, పిల్లలు ‘మెడ’ను ‘మెడొ’ అని చదవడం ఖాయం. దానికి గీతలతో పని జరగదు, మీరు పక్కన కూర్చుని ఒకసారి చదివి వినిపించాలి. తెలుగు భాగం అచ్చుకు మీ ఊళ్లో వీలు కాకపోతే అమ్మాయి శ్రీకాకుళంలోనే ఉంది కదా, ఆ భారం తనకు అప్పగించండి. పట్టుబట్టినందుకు ఆ మాత్రం పని చేయనివ్వండి.

ఆయన మాటలు అంటున్నాను గాని మీ ఉత్తరంలో నాకు దొరికింది ఒక్కటే. ఇంకా ఉండి తీరాలి. గార్డు ఉద్యోగం చేసినవారి ఇళ్లలో ‘లైన్ క్లియర్’, ‘సిగ్నల్ పడలేదు’, ‘బండి లేటు’ అన్న మాటలు స్నానాల గది దగ్గరా వంటింటి దగ్గరా కూడా తిరుగుతూ ఉంటాయి. ఆయన ఏ సందర్భంలో ఏమనేవారో, కోపం వస్తే ఏ మాట, మనుమరాలు ఫస్టు వస్తే ఏ మాట అన్నది మీరు నలుగురూ వేరువేరుగా రాసి, తరువాత కలిపి చూసుకోండి. కలిపి కూర్చుంటే పెద్దవాళ్లు చెప్పిందే అందరి జ్ఞాపకమై పోతుంది.

రైలు గురించి ఒక పేజీ తప్పక ఉండాలి, ఎందుకంటే మనుమలు దానిని చూడలేదు. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా 1900లో మొదలై, తరువాత గుణుపురం వరకు సాగిన ఆ మార్గంలో చిన్న బండ్లు 2004లో ఆగిపోయాయి. పెద్ద పట్టాలు వేశాక 2010, 2011లలో దశలవారీగా మళ్లీ తెరిచారు. ఇప్పుడు పిల్లలు ఎక్కేది ఈ పెద్ద పట్టాల రైలు. జేజే ఎక్కింది ఇది కాదని వాళ్లకు తెలియాలి. టెక్కలి, పాతపట్నం దాటి బండి రాష్ట్రం మారేటప్పుడు ఆయన ఏ వైపు నిలబడేవారు, డ్యూటీ దిగి వస్తే చేతి పెట్టె ఎక్కడ పెట్టేవారు, అన్నం వేడిగా ఉండడానికి మీరేం చేసేవారు అన్నది మీరు తప్ప ఇంకెవరూ రాయలేరు.

పుట్టినరోజు విషయంలో నా సలహా సులభం: రెండూ వేయండి. చిత్రభాను అంటే 1942–43, ఆ ఏడాది కార్తీకం 1942 నవంబరు, డిసెంబరులలో పడింది. రిజిస్టరులోని జూలై 1 ఎక్కడి నుంచి వచ్చిందో ఆ తరంవారికి చెప్పనక్కర్లేదు. బడిలో చేర్చుకునేటప్పుడు మాష్టారు తోచిన ఏడాది వేసి జూలై ఒకటి అని రాసేవారు. ఈ లెక్కన చిత్రభాను తిరిగి వచ్చిన 2002లో మీ ఇంట షష్టిపూర్తి జరిగి ఉండాలి, ఆ తరువాత ఏడాదిన్నరకు పైగా ఆయన డ్యూటీ చేసి 2004 జూన్ నెలాఖరున రైల్వే లెక్క ప్రకారం అరవై నిండి రిటైరయ్యారన్నమాట. షష్టిపూర్తి పెళ్లికొడుకు మళ్లీ జెండా పట్టుకుని బండి ఎక్కితే తోటివారు ఊరుకున్నారా? ఏమన్నారో కనుక్కుని రాయించండి. పెన్షను కాగితాల్లోనూ, ఇతర దరఖాస్తుల్లోనూ మాత్రం సర్వీసు రిజిస్టరులోని తేదీ తప్ప ఇంకొకటి రానివ్వకండి.

పెరటి గోడ గురించి. ఉండాలనే అంటాను. టార్పాలిన్ పంపించి తాను వెళ్లకపోవడంలో ఆయన కోపమూ ఉంది, ప్రేమా ఉంది, ఆ రెంటిలో ఏదీ రెండోదాన్ని దాచలేదు. అయితే తప్పు ఎవరిది, గోడ ఎన్ని అడుగులు జరిగింది అన్న లెక్కలు వద్దు. మీరు నాకు రాసిన నాలుగు వాక్యాలే, అంతకు ఒక్క మాట ఎక్కువ కాకుండా, అలాగే వేయండి. దానికి ముందు ఆ పేజీని మరిదిగారికి చూపించండి. ఆయన బతికున్న మనిషి, ఆ కథలో సగం ఆయనది. వద్దంటే తీసేయండి, మారుమాట అడగవద్దు. నాకు తోచినంతలో ఆయన వద్దనరు, తన వైపు నుంచి ఒక పేజీ రాసిస్తానంటారు. ఇస్తే దానిని దిద్దకుండా వేయండి.

ప్రశ్న (బరంపురం నుంచి ఒక పాఠకుడు):

మా నాన్నగారు పట్టు మగ్గం నేశారు. చదువుకోలేదు, ఉత్తరాలు లేవు, ఫొటో ఒక్కటే ఉంది. ఏ సంవత్సరం ఏం జరిగిందో అమ్మకూ తెలియదు. నా పిల్లలకు ఆయన గురించి ఏమని రాసిపెట్టను?

జవాబు:

సంవత్సరాలు తెలియవంటే నేను నమ్మను. మీ అమ్మగారిని సంవత్సరం అడిగి ఉంటారు, ఆమె లెక్క అది కాదు. బరంపురంలో బుఢీ ఠాకురాణి జాతర రెండేళ్లకొకసారి వస్తుంది. ‘నువ్వు పుట్టాక ఎన్నో జాతరకు నాన్న కొత్త మగ్గం దించారు? అత్త పెళ్లి జాతరకు ముందా వెనకా?’ అని అడిగి చూడండి, ఏడాది అటూ ఇటూగా అన్నీ వరుసలో పడతాయి. 1999 అక్టోబరులో గంజాం మీద పడిన తుఫాను, అదే నెలాఖరున వచ్చిన సూపర్ సైక్లోను, 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్, ఇవి కూడా మీ జిల్లాలో ఎవరూ మరిచిపోలేని గుర్తులు. ఆ రాత్రి మగ్గం గుంటలోకి నీళ్లు వచ్చాయా, పడుగును ఎలా కాపాడుకున్నారు అని అడిగితే తేదీతో పాటు మనిషీ వస్తాడు.

ఉత్తరాలు లేకపోతే పనిముట్లు ఉంటాయి. నాడె, ఆసు, పన్నె, కండెలు ఇంకా ఇంట్లో ఉంటే ఒక్కొక్కటీ చేతిలో పట్టుకుని, అది దేనికో, దానిని ఆయన ఎలా పట్టుకునేవారో పిల్లలకు అర్థమయ్యేలా అరపేజీ చొప్పున రాయండి. నాడె ఒక పక్క ఎక్కువగా అరిగి ఉంటే ఏ పక్కో కూడా రాయండి. ఆయన నేసిన చీర ఎవరి పెట్టెలోనైనా ఉంటే, అంచున గుడి గోపురాల వరుసలాంటి ఫొడా కుంభం దగ్గర నుంచి ఫొటో తీయించి, ఆయన ఫొటో పక్కన పెట్టండి. ఆ ఒక్క ఫొటో వెనక పెన్నుతో రాయకండి, మరక ముందుకు దిగుతుంది. విడి కాగితం మీద పేరు, ఊరు, తీసిన సందర్భం రాసి జతచేసి, ఫోన్‌లో కాపీ తీసి ఇద్దరు ముగ్గురు బంధువులకు పంపి ఉంచండి.

ప్రశ్న (గుణుపురం నుంచి):

మా మామగారి సంస్మరణ పత్రిక మీద వేయడానికి సీసపద్యం ఒకటి మీరు రాసి పంపగలరా? ఆయన గుణగణాలు విడిగా పంపుతాం.

జవాబు:

పంపలేను. ఆయనను నేను చూడలేదు. ఆయన తరచుగా పాడుకునే పద్యమో తత్వమో ఉంటే అది వేయండి, తప్పులతో పాడేవారైతే ఆ తప్పులతోనే వేయండి.

ప్రశ్న (రాయగడ నుంచి, పదో తరగతి చదివే అమ్మాయి):

తాతగారి గురించి రాద్దామని అమ్మమ్మను అడిగితే రెండు మాటలు చెప్పి ఏడుస్తుంది. అమ్మ నన్ను కోప్పడుతోంది. అడగడం మానేయాలా?

జవాబు:

మానవద్దు తల్లీ. కాని ఎదురుగా కూర్చుని, నోటు పుస్తకం తెరిచి, ‘తాతయ్య గురించి చెప్పు’ అని అడగకు. అలా అడిగితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఆఖరి రోజులే. అమ్మమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతున్నప్పుడో, మల్లెలు కడుతున్నప్పుడో పక్కన చేరి నువ్వూ ఆ పని అందుకో. చేతులు పనిలో ఉంటే మాట తేలికగా వస్తుంది. చిన్న ప్రశ్న అడుగు: తాతయ్యకు ఏ కూర పడేది కాదు? సంతకు వెళ్తే చెప్పకుండా ఏం కొనుక్కొచ్చేవారు? పెళ్లయిన కొత్తలో నిన్ను ఏమని పిలిచేవారు? ఈ ఆఖరిదానికి ఆమె జవాబు చెప్పకపోవచ్చు, నవ్వి ఊరుకుంటే అదే రాసుకో.

ఏడిస్తే ఏడవనివ్వు, లేచి వెళ్లిపోకు, ఓదార్చనూ వద్దు. రాళ్లు ఏరుతూ ఉండు. ఆమె అంతట ఆమె ఇంకో మాట ఎత్తేదాకా నువ్వు మరో ప్రశ్న వేయకు. ఫోన్‌లో రికార్డు చేస్తానని ముందుగా ఆమెకు చెప్పు, దొంగతనంగా వద్దు. ఒప్పుకుంటే గిన్నెల చప్పుడుకు దూరంగా, ఆమె కనిపించేచోట పెట్టు. ఒక పూటకు పది నిమిషాలు చాలు, అంతకు మించి వద్దు. తరువాత విని రాసేటప్పుడు ఆమె ‘ఎల్లేరు’ అంటే ‘వెళ్లారు’ అని దిద్దకు, నీ తెలుగు మార్కులు దానికి పోవు. మధ్యలో కుక్కరు కూత పెట్టి ఆమె ‘ఎన్నోదే?’ అని నిన్ను అడిగితే, దాన్నీ చెరిపేయకుండా ఉంచు.